మందుపాతర (పదం)

మందుపాతర అనగా నేలలో పాతిపెట్టి గాని, నేలపై కనబడకుండా అమర్చి గాని పేలునట్లు చేసే ఆయుధం. "మందు", "పాతర" అనే రెండు తెలుగు పదాల కలయికతో ఈ పేరు ఏర్పడింది. ఇక్కడ మందు అంటే తుపాకిమందు, అనగా పేలుడు పదార్థం. పాతర అంటే ధాన్యం దాచుకొనుటకు నేలలో తవ్వే గొయ్యి. రోగం నయం చేసే పదార్థానికి, తిండిగింజలు కాపాడే గోతికి ఉన్న పేర్లు కలిసి ప్రాణాలు తీసే ఒక ఆయుధానికి పేరుగా మారడం ఈ పదంలోని విశేషం.

ఈ పేరు ఆయుధం లోపల ఏమున్నదో, దానిని ఎక్కడ ఉంచుతారో చెబుతుంది. దానిని ఎవరు పేలుస్తారో చెప్పదు. అంతర్జాతీయ చట్టం మాత్రం ఈ చివరి విషయం ఆధారంగానే మందుపాతరలను వేరుచేస్తుంది. అందువలన పత్రికలలో, పాఠ్యపుస్తకాలలో ఈ పదం కనిపించినప్పుడు దాని అర్థ పరిధి ఎంతవరకో తెలిసి ఉండడం అవసరం.

పద నిర్మాణం

మందుపాతర షష్ఠీ తత్పురుష సమాసం. దీని విగ్రహవాక్యం "మందు యొక్క పాతర". రెండు పదాలూ తెలుగు పదాలే కాబట్టి, పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలోని విభజన ప్రకారం ఇది ఆచ్ఛిక సమాసం. తుపాకి, ఫిరంగి, బారూదు, బాంబు, గ్రెనేడు వంటి యుద్ధ పరిభాష చాలావరకు తెలుగులోకి ఇతర భాషల నుండి వచ్చింది. తుపాకి తురుష్క, పారశీక భాషల మూలంగా వచ్చిన పదం. ఫిరంగి అనే పేరు ఐరోపా వారిని "ఫ్రాంకులు" అని పిలవడం నుండి పుట్టింది. వీటి మధ్య మందుపాతర పూర్తిగా తెలుగు పదాలతోనే నిర్మించుకున్న పేరు. అందువలన చదువు రానివారికి కూడా వినగానే అర్థమవుతుంది.

మందు

మందు ద్రావిడ భాషలలో పలుచోట్ల కనిపించే పదం. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, పాత కన్నడంలో మర్దు, నేటి కన్నడంలో మద్దు దీనికి సోదర పదాలు. వీటన్నింటికీ మొదటి అర్థం ఔషధం. మందబుద్ధి, మందగమనం వంటి మాటలలోని "మంద" సంస్కృత పదం, దానికీ దీనికీ సంబంధం లేదు.

తెలుగులో ఈ పదానికి అర్థాలు విస్తరిస్తూ వచ్చాయి.

* రోగానికి వాడే ఔషధం: మందుమాకులు, నాటుమందు, పసరు మందు.
* విషం: ఎలుకల మందు, పురుగుల మందు.
* వశీకరణకు రహస్యంగా తినిపించేదని నమ్మే పదార్థం: మందు పెట్టడం.
* మద్యం: ఇది వాడుక భాషలోని అర్థం.
* పేలుడు పదార్థం: తుపాకిమందు, మందుగుండు, మందుపాతర.

పైకి వేరువేరుగా కనిపించినా ఈ అర్థాలన్నింటికీ ఒక సామ్యం ఉంది. ప్రతిచోటా మందు అంటే కొద్ది మోతాదులోనే పెద్ద మార్పు తెచ్చే పదార్థం. నూరి, పొడిచేసి, పాళ్ళు చూసి కలిపి తయారుచేసేది. తుపాకిమందు కూడా సూరేకారం, గంధకం, బొగ్గు అనే మూడింటిని పొడిచేసి కలిపిన చూర్ణమే. వైద్యుని కల్వంలో తయారయ్యే చూర్ణానికీ, దీనికీ చూపులో గాని, తయారుచేసే పద్ధతిలో గాని పెద్ద తేడా కనబడదు. పేరు ఒకచోటి నుండి మరొక చోటికి చేరడానికి ఈ పోలిక చాలు.

మందుగుండు అనే మాట ద్వంద్వ సమాసం. దీని అర్థం మందును, గుండును. తుపాకిలో ముందు మందు కూరి, తరువాత గుండు వేసి పేల్చే కాలం నాటి పద్ధతి ఈ మాటలో నిలిచి ఉంది. నేడు దీపావళి టపాకాయలను కూడా మందుగుండు సామాను అంటారు.

ఇతర భాషలలో ఇదే మార్పు

ఔషధం పేరు పేలుడు పదార్థానికి చేరడం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు.

* చైనీయులు తుపాకిమందును "హువొయావ్" అంటారు. దీనికి "నిప్పు మందు" అని అర్థం. తుపాకిమందు 9వ శతాబ్దం ప్రాంతంలో చైనాలో పుట్టింది. అమరత్వాన్నిచ్చే రసాయనం కోసం వెతికిన రసవాదుల ప్రయోగాలే దానికి మూలమని చరిత్రకారులు భావిస్తారు. దాని పాళ్ళు 1044 నాటి "వూజింగ్ జోంగ్యావ్" అనే చైనా యుద్ధ గ్రంథంలో ఉన్నాయి.
* తమిళంలో వెడిమరుందు, మలయాళంలో వెడిమరున్ను అంటే "పేలే మందు".
* పారశీకంలో దారూ అంటే ఔషధం. ఆ పదం హిందీ, ఉర్దూ, మరాఠీ భాషలలోకి వచ్చి మద్యానికీ, తుపాకిమందుకూ పేరయింది. తెలుగు మందుకు పట్టిన దారే దీనికీ పట్టింది.
* డచ్చి భాషలో తుపాకిమందును "బుస్‌క్రౌట్" అంటారు. ఇందులోని రెండవ భాగం మూలికకు, ఆకుకు ఉన్న పేరే. స్వీడిష్ భాషలోని "క్రూట్" కూడా అదే కుటుంబానికి చెందినది.
* అరబ్బీ బారూద్ మొదట సూరేకారానికి పేరు. 13వ శతాబ్దపు ఔషధ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ బైతార్ రచనలో ఈ పదం కనిపిస్తుంది. అదే తరువాత తుపాకిమందుకు పేరై హిందీ, ఉర్దూల ద్వారా మన దేశమంతటా వ్యాపించింది.

ఆధునిక రసాయన శాస్త్రంలోనూ ఈ సంబంధం కొనసాగింది. ఇటలీకి చెందిన అస్కానియో సొబ్రెరో 1847లో నైట్రోగ్లిజరిన్‌ను తయారు చేశాడు. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో పేటెంటు పొందిన డైనమైటుకు అదే ఆధారం. 1879లో విలియం మరెల్ అనే బ్రిటిషు వైద్యుడు గుండెనొప్పికి అదే పదార్థం పనిచేస్తుందని ప్రకటించాడు. ఈనాటికీ గుండెనొప్పి వచ్చినవారికి నాలుక కింద ఉంచే మాత్ర అదే. ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థానికి జర్మనీకి చెందిన హెన్నింగ్ 1890ల చివర పేటెంటు తీసుకున్నప్పుడు ఔషధంగా ఉపయోగపడుతుందనే పేర్కొన్నాడు. దాని పేరు మాత్రం బ్రిటిషు సైన్యపు "రిసెర్చ్ డిపార్ట్‌మెంట్ ఎక్స్‌ప్లోజివ్" అనే మాటలకు సంక్షిప్త రూపంగా చెబుతారు. అంటే ఒక ప్రభుత్వ శాఖ పేరే పదార్థం పేరయింది. టీఎన్‌టీ కూడా 1863లో పసుపు రంగు అద్దకానికి పనికివచ్చే పదార్థంగానే మొదట తయారయింది.

పాతర

పాతర అనే పదం "పాతు" క్రియతో ముడిపడినది. పాతు అంటే నేలలో పూడ్చిపెట్టడం, గుంజ వంటిదాన్ని నిలబెట్టి కదలకుండా బిగించడం. యాత్ర నుండి జాతర వచ్చినట్లు సంస్కృత "పాత్ర" నుండి పాతర వచ్చిందని అనుకోవడానికి అవకాశముంది గాని, అర్థాన్ని బట్టి అది సరికాదు. పాతర గిన్నె కాదు, గొయ్యి.

జొన్న ముఖ్య ఆహారంగా ఉన్న తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాలలో ధాన్యాన్ని పాతరలలో నిల్వ చేసేవారు. నీరు ఊరని గట్టి నేలను ఎంచుకొని గొయ్యి తవ్వి, అడుగున, చుట్టూ ఎండుగడ్డి గాని, చొప్ప గాని పరచి, గింజలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి మట్టితో మూసేవారు. లోపల మిగిలిన గాలిలోని ప్రాణవాయువును గింజలు, పురుగులు వాడుకొనగా బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దానితో పురుగులు చనిపోయి ధాన్యం నిలుస్తుంది. ఆధునిక గిడ్డంగులలో గాలి చొరబడకుండా నిల్వచేసే పద్ధతికి సూత్రం ఇదే. పాతర జొన్నలకు ఒక విధమైన వాసన ఉండేది.

అదే కారణం వలన పాతర ప్రమాదకరం కూడా. మూత తీసిన వెంటనే లోపలికి దిగినవారు ఊపిరి ఆడక చనిపోయే అవకాశముంది. అందువలన కొంతసేపు తెరిచి ఉంచి, దీపం దించి, అది ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగడం పద్ధతి.

కరవు కాలానికి, దొంగల భయానికి పాతర ఆసరా. గింజలున్న చోటు పైకి కనబడదు, ఇంటివారికే తెలుసు. ఈ రహస్య గుణమే పదానికి తరువాతి అర్థాలను ఇచ్చింది. "పాతర వేయు" అంటే కనబడకుండా పూడ్చివేయడం. "నిబంధనలకు పాతర" అని పత్రికలు రాసే శీర్షికలో ఈ అర్థమే ఉంది. పశువుల కోసం పచ్చిమేతను గోతిలో మాగబెట్టి నిల్వ చేసే పాతరగడ్డి పేరులో మాత్రం పాత అర్థమే నిలిచి ఉంది.

మందుపాతరలో పాతర యొక్క రూపం, రహస్యం రెండూ ఉన్నాయి. నేలలో గొయ్యి ఉంది. దాని జాడ పైకి తెలియదు. మారినది లోపలి వస్తువు.

మూడు భాషల సరిహద్దులో

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు నిజామాబాదు జిల్లా నుండి ఏర్పడింది. దాని పడమటి భాగంలోని పెద్దకొడప్‌గల్, జుక్కల్, మద్నూర్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలకు దగ్గరగా ఉన్నది. ఇక్కడికి సమీపంలోనే తెలుగు, మరాఠీ, కన్నడ భాషల ప్రాంతాలు ఒకదానినొకటి తాకుతాయి. ఈ మూడు భాషల యుద్ధ పదాలను పక్కపక్కన పెట్టి చూస్తే పదాలు ఎలా పుడతాయో తెలుస్తుంది.

తుపాకిమందు, గుండు రెండింటికీ కలిపి తెలుగులో మందుగుండు, కన్నడంలో మద్దుగుండు, మరాఠీలో దారూగోళా అంటారు. మూడింటిలోనూ మొదటి పదానికి ఔషధమనే మూలార్థం ఉంది. రెండవ పదం గుండ్రని వస్తువు. పదాలు వేరైనా అచ్చు ఒకటే.

మందుపాతర విషయంలో మాత్రం మూడు భాషలూ వేరువేరు దారులు పట్టాయి. మరాఠీలో భూసురుంగ్, అంటే నేల సొరంగం. కన్నడంలో నెలబాంబ్, అంటే నేల బాంబు. తెలుగులో మందుపాతర. తక్కిన భాషలలో హిందీ, ఉర్దూలు "బారూదీ సురంగ్" అంటాయి. తమిళం "కణ్ణివెడి" అంటుంది, అంటే ఉచ్చువలె పట్టి పేలేది. మలయాళం "కుళిబాంబ్" అంటుంది, అంటే గోతి బాంబు. ఒకే వస్తువులో ఒక భాషకు సొరంగం కనిపించింది, ఒక భాషకు వేటగాని ఉచ్చు కనిపించింది, తెలుగుకు రైతు ధాన్యపు గొయ్యి కనిపించింది.

సొరంగం, మైన్

ఇంగ్లీషులో మందుపాతరను "ల్యాండ్ మైన్" అంటారు. మైన్ అంటే గని. ఇది ఫ్రెంచి భాష ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. పూర్వం కోటలను ముట్టడించే సైన్యాలు గని తవ్వేవారిని వెంట తీసుకువెళ్ళేవి. వారు గోడ కిందికి సొరంగం తవ్వి, కర్రలతో ఆపి, తరువాత ఆ కర్రలను తగులబెట్టి గోడను కూల్చేవారు. తుపాకిమందు వచ్చిన తరువాత ఆ సొరంగంలో మందు నింపి పేల్చసాగారు. ఆ విధంగా తవ్వే పనికి ఉన్న పేరు క్రమంగా పేలే వస్తువుకు పేరయింది. భారత సైన్యంలోని మద్రాసు ఇంజనీర్ల దళం పాత పేరు "మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్". ఇందులోని మైనర్ అంటే సొరంగం తవ్వే సైనికుడు. ముళ్ళకంచెలను, మందుపాతరల దారులను ఛేదించడానికి ఉపయోగించే "బెంగళూరు టార్పెడో" 1912లో ఆ దళంలోనే రూపొందింది.

సొరంగం అనే తెలుగు మాటకు సంస్కృతంలోని సురంగ మూలం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ పదం ఉంది. గ్రీకు భాషలో గొట్టమని అర్థమిచ్చే "సిరింక్స్" నుండి ఇది వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. భారత కథలో లక్క ఇంటి నుండి పాండవులను బయటపడవేసినది సొరంగమే. అక్కడ అది ప్రాణాలు నిలిపే దారి.

తెలుగు నేలపై సొరంగంలో మందు కూర్చిన ప్రసిద్ధమైన సంఘటన గోల్కొండ ముట్టడిలో జరిగింది. 1687లో ఔరంగజేబు సైన్యం అబుల్ హసన్ తానీషా ఏలుబడిలోని గోల్కొండ కోటను సుమారు 8 నెలలు చుట్టుముట్టింది. గోడ కిందికి సొరంగాలు తవ్వి మందు కూర్చారు. కోటలోనివారు ఆ సంగతి పసిగట్టి లోపలి నుండి ఎదురు సొరంగాలు తవ్వి కొంత మందు తీసివేశారని, కొంత నీటితో తడిపివేశారని మొగలు చరిత్రకారుల రచనల వలన తెలుస్తున్నది. జూన్ నెలలో ముట్టడిదారులు నిప్పంటించినప్పుడు పేలుడు బయటివైపు తన్ని వారి సైనికులనే బలిగొన్నది. చివరకు సెప్టెంబరులో కోట పట్టుబడినది మందు వలన కాదు, లోపలివారు ద్రోహంతో తలుపు తెరవడం వలన.

ఈ పద్ధతి 20వ శతాబ్దం వరకు కొనసాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 జూన్ 7న బెల్జియంలోని మెసీన్ వద్ద బ్రిటిషు సైన్యం జర్మను స్థావరాల కింద నెలల తరబడి తవ్విన సొరంగాలలో 19 మైన్‌లను ఒకేసారి పేల్చింది.

ఆధునిక మందుపాతర

మనిషి తొక్కితే తనంత తానే పేలే మందుపాతరను పెద్ద ఎత్తున వాడినది అమెరికా అంతర్యుద్ధంలో. 1862లో దక్షిణాది సేనాని గేబ్రియల్ రేన్స్ వీటిని దారులలో పాతించాడు. అప్పట్లో వీటిని టార్పెడోలు అనేవారు. టార్పెడో లాటిన్‌లో తాకినవారికి విద్యుత్తుతో తిమ్మిరి పుట్టించే ఒక చేప పేరు. శత్రువు ఎదురుగా లేకుండా చంపే ఈ పద్ధతి ధర్మయుద్ధం కాదని ఆనాడే ఇరుపక్షాల సేనానులలోనూ అభ్యంతరాలు వచ్చాయి.

మొదటి ప్రపంచ యుద్ధం చివర ట్యాంకులను ఆపడానికి వేరే రకం మందుపాతరలు వచ్చాయి. వాటిని మనుషులు తొలగించకుండా చుట్టూ చిన్న మందుపాతరలు పాతడం మొదలయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికా ఎడారులలో ఇవి లక్షల సంఖ్యలో వాడబడ్డాయి. తరువాత కంబోడియా, అంగోలా, ఆఫ్ఘనిస్తాన్ వంటి దేశాలలో యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ళకు కూడా పొలాలకు వెళ్ళే రైతులు, పశువులు కాచే పిల్లలు వీటికి బలయ్యారు.

మందుపాతరలు ప్రధానంగా మూడు రకాలు.

* మనుషులపై ప్రయోగించేవి: తక్కువ బరువు పడినా పేలుతాయి.
* వాహనాలపై ప్రయోగించేవి: ట్యాంకు, లారీ వంటి ఎక్కువ బరువు పడితేనే పేలుతాయి.
* ఒక దిశలో ఇనుప గుండ్లు వెదజల్లేవి: వీటిలో ప్రసిద్ధమైనది క్లేమోర్. ఇది స్కాట్‌లాండ్ యోధులు వాడిన పెద్ద కత్తి పేరు, గేలిక్ భాషలో "మహాఖడ్గం" అని అర్థం. దీనిని నేలలో పాతరు, నేలపైనే నిలబెడతారు. అయినా తెలుగు పత్రికలు దీనిని కూడా మందుపాతర అనే అంటాయి.

పేలుట, పేల్చుట

మందుపాతర అనే నామవాచకం రెండు వేరువేరు పరిస్థితులకు వర్తిస్తుంది. మొదటిది, బాధితుడు తొక్కడం వలన గాని, తీగను తాకడం వలన గాని పేలేది. రెండవది, దూరంగా పొంచి ఉన్న మనిషి తాను కోరుకున్న క్షణంలో పేల్చేది. మొదటిది వచ్చినవారు సైనికులో, కట్టెలకు వెళ్ళే కూలీలో, మేకలో తేడా చూడదు. రెండవదానిలో ఎవరిని చంపాలన్న నిర్ణయం ఒక మనిషి చేతిలో ఉంటుంది.

తెలుగు వ్యాకరణంలో ఈ భేదాన్ని తెలిపే సాధనం నామవాచకంలో లేదు, క్రియలో ఉంది. పేలు అకర్మక క్రియ. పేల్చు దాని ప్రేరణ రూపం, సకర్మకం. "మందుపాతర పేలింది" అన్న వాక్యంలో కర్త మందుపాతర. "మందుపాతరను పేల్చారు" అన్న వాక్యంలో కర్త మనుషులు. వార్త రాసేవారు ఈ రెండు క్రియలను ఒకదాని బదులు మరొకటి వాడితే, ఆ సంఘటనకు బాధ్యత ఎవరిదన్న విషయమే మారిపోతుంది. చదివేవారు కూడా నామవాచకాన్ని కాక క్రియను గమనించాలి.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో నక్సలైట్లకు, పోలీసులకు మధ్య జరిగిన ఘర్షణల కారణంగా 1990ల నాటికి మందుపాతర దినపత్రికలలో తరచు కనిపించే పదమయింది. కొన్ని ముఖ్య సంఘటనలు:

* 1993 నవంబరు: మహబూబ్ నగర్ జిల్లా సోమశిల సమీపంలో మందుపాతర పేలుడులో జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు, మరికొందరు పోలీసులు మరణించారు.
* 2000 మార్చి 7: హైదరాబాదు సమీపంలోని ఘట్‌కేసర్ వద్ద రాష్ట్ర మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి మందుపాతర దాడిలో మరణించాడు.
* 2003 అక్టోబరు 1: తిరుపతి వద్ద అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు వాహనశ్రేణిపై క్లేమోర్ మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డాడు.
* 2007 సెప్టెంబరు: నెల్లూరు జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి దంపతులు మందుపాతర దాడి నుండి తప్పించుకున్నారు.
* 2024 జూన్: ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం వెళ్ళిన ఒక గ్రామస్థుడు పేలుడులో మరణించాడు.

అలిపిరిలో పొంచి ఉన్న మనుషులు ఎంచుకున్న లక్ష్యంపై పేల్చారు. కొంగాలలో ఒత్తిడి తగిలి పేలింది, బలి అయినది దారిన వెళ్ళే మనిషి. రెండింటికీ పత్రికలలో పేరు మందుపాతరే. ఇటీవలి వార్తలలో రెండవ రకానికి "ప్రెషర్ బాంబు" అనే మాట వాడడం వలన తేడా కొంత తెలుస్తున్నది. "ఐఈడీ" అనే సంక్షిప్త నామం నాటు పద్ధతిలో తయారుచేసిన అన్ని పేలుడు సాధనాలకూ వర్తిస్తుంది.

ఈ దాడుల నుండి రక్షణకు అడుగుభాగం దృఢంగా ఉండే మందుపాతర నిరోధక వాహనాలు వచ్చాయి. "ఆదిత్య" అనే పేరుగల ఇటువంటి వాహనాన్ని సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారం తయారుచేసింది.

చట్టం, ఒప్పందాలు

మనుషులపై ప్రయోగించే మందుపాతరలను నిషేధించే ఒడంబడికపై 1997 డిసెంబరు 3న కెనడాలోని ఒట్టావాలో సంతకాలు మొదలయ్యాయి. ఇది 1999 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. 160కి పైగా దేశాలు ఇందులో చేరాయి. దీని కోసం కృషి చేసిన అంతర్జాతీయ మందుపాతరల నిషేధ ఉద్యమానికి, దాని సమన్వయకర్త జోడీ విలియమ్స్‌కు 1997 నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఈ ఒడంబడిక ప్రకారం నిషిద్ధమైనది మనిషి ఉనికి వలన గాని, సమీపించడం వలన గాని, తాకడం వలన గాని పేలేటట్లు రూపొందించిన ఆయుధం. దూరం నుండి మనిషి పేల్చే సాధనం ఈ నిర్వచనంలోకి రాదు. అంటే తెలుగులో మందుపాతర అని పిలిచే వాటిలో కొన్ని ఈ చట్టం దృష్టిలో మందుపాతరలు కావు. దీనర్థం అటువంటి దాడులు నేరం కావని కాదు. వాటికి వేరే చట్టాలు వర్తిస్తాయి.

భారతదేశం ఒట్టావా ఒడంబడికలో చేరలేదు. కొన్ని సంప్రదాయ ఆయుధాలపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలోని సవరించిన రెండవ ప్రోటోకాలును ఆమోదించింది. ఇది మందుపాతరలను పూర్తిగా నిషేధించదు, వాటి వాడకంపై ఆంక్షలు పెడుతుంది. పార్లమెంటుపై 2001 డిసెంబరు 13న జరిగిన దాడి తరువాత పాకిస్తాన్ సరిహద్దు వెంబడి సైన్యం మందుపాతరలు పాతింది. వాటిని తొలగించే వరకు సరిహద్దు గ్రామాల రైతులు తమ పొలాలలోకి వెళ్ళలేకపోయారు. గింజలు పండే నేలలోనే మందు పాతుకొని ఉండడం ఈ పదంలోని రెండు సగాలకూ ఉన్న వైరుధ్యాన్ని కళ్ళకు కడుతుంది.

2025లో ఎస్తోనియా, లాట్వియా, లిథుయేనియా, ఫిన్లాండ్, పోలండ్ దేశాలు రష్యా వలన ముప్పును కారణంగా చూపి ఒట్టావా ఒడంబడిక నుండి వైదొలగాలని నిర్ణయించుకున్నాయి. ఐక్యరాజ్య సమితి ప్రతి సంవత్సరం ఏప్రిల్ 4ను మందుపాతరలపై అవగాహన దినంగా పాటిస్తుంది.

సంబంధిత పదాలు

* మందుగుండు: మందు, గుండు. తరువాత ఆయుధ సామగ్రి అంతటికీ, టపాకాయలకూ పేరయింది.
* అమర్చు: మందుపాతరను పేలడానికి సిద్ధంగా ఉంచడం. పత్రికలలో "పాతు" కంటే ఈ క్రియ ఎక్కువగా కనిపిస్తుంది.
* నిర్వీర్యం చేయు: పేలకుండా చేయడం. ఇది ఔషధ పరిభాషకు దగ్గరి మాట. వీర్యం అంటే ఆయుర్వేదంలో మందుకు ఉండే శక్తి. మందుపాతరను నిర్వీర్యం చేయడమంటే మందులోని శక్తిని పోగొట్టడమే.
* పాతరగడ్డి: గోతిలో మాగబెట్టిన పశువుల మేత.

ఇవి కూడా చూడండి

* తుపాకిమందు
* సూరేకారం
* డైనమైట్
* గోల్కొండ
* తత్పురుష సమాసము